తొందరపడే కొద్దీ ఆలస్యం.. తలుపు దగ్గర జనం ఎందుకు ఇరుక్కుపోతారు? లెక్కలు చెబుతున్నది ఇదే!

సినిమా హాల్లో ఉన్నట్టుండి పొగ కమ్ముకుంటే ఏం చేస్తాం? వచ్చిన దారివైపే పరుగెత్తుతాం. ముందున్నవాళ్లను తోసుకుంటూ అయినా బయటపడాలని చూస్తాం. సరిగ్గా ఈ రెండు పనులే ప్రాణాల మీదకు తెస్తాయి. హాలు నుంచి జనం ఎలా బయటపడతారో, ఎక్కడ ఇరుక్కుంటారో కంప్యూటర్‌లో ముందుగానే లెక్కగట్టే పద్ధతులు ఇప్పుడున్నాయి. ఇంతకీ ఆ లెక్క ఏంటి? అది మనకు ఏం నేర్పుతోంది?

200 మంది.. ఒక్కటే తలుపు

2000లో డిర్క్ హెల్బింగ్, ఇల్లెస్ ఫర్కాష్, తమాష్ విచెక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. కంప్యూటర్‌లో 15 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గది గీశారు. అందులో 200 మందిని ఉంచారు. బయటికి దారి ఒక్కటే, అదీ మీటరు వెడల్పు తలుపు.

ఈ మోడల్‌లో ఒక్కో మనిషి ఒక్కో గుండ్రటి చుక్క. తలుపువైపు వెళ్లాలని చూస్తాడు, పక్కవాళ్లకు కాస్త దూరంగా ఉండాలనుకుంటాడు. ఒంటికి ఒళ్లు తగిలితే మాత్రం ఒత్తిడి, రాపిడి మొదలవుతాయి. అందరూ మామూలు నడకతో వెళ్లాలనుకున్నంతసేపు సాఫీగానే సాగింది. సెకనుకు 1.5 మీటర్లకు మించిన వేగంతో వెళ్లాలనుకునేసరికి సీన్ రివర్స్ అయింది. తొందర పెరిగే కొద్దీ గది ఖాళీ కావడానికి ఇంకా ఎక్కువ టైం పట్టింది!

కారణం సింపుల్. గరాటులో బియ్యం ఒక్కసారిగా పోస్తే మూతి దగ్గర అడ్డం పడతాయి కదా.. అచ్చం అలాగే. అన్నివైపుల నుంచి తోసుకొచ్చిన వాళ్లు తలుపు ముందు కమానులా బిగుసుకుపోతారు. వెనక నుంచి ఎంత నెడితే ఆ బిగువు అంత పెరుగుతుంది. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదు మరి.

గొర్రెల మందతో టెస్ట్

కంప్యూటర్ చెప్పింది నిజంగా జరుగుతుందా? స్పెయిన్ పరిశోధకులు వాలంటీర్లతో పరీక్షించి చూశారు. తోసుకుంటూ వెళ్లినప్పుడు తలుపు దగ్గర ఎక్కువసేపు ఇరుక్కుపోయారు. ఇరుకు గేటులోంచి వెళ్లే గొర్రెల మందను కూడా వీడియో తీసి లెక్కగట్టారు. గేటుకు కొంచెం ముందు ఓ స్తంభం పెడితే గొర్రెలు ఇరుక్కోవడం తగ్గింది. అదే స్తంభం మనుషుల ముందు పెడితే ఆ లాభం కనిపించలేదు. అందుకే ఏ మోడల్‌నైనా నిజమైన మనుషులతో సరిచూసుకోవాల్సిందే.

ఒక్కో తలుపుకు లెక్క ఉంది

ఫైర్ ఇంజినీర్ల లెక్క ప్రకారం మీటరు వెడల్పున సెకనుకు మహా అయితే 1.3 మంది వెళ్లగలరు. ఉదాహరణకు ఓ ఫంక్షన్ హాల్లో 800 మంది ఉన్నారనుకుందాం. మీటరున్నర వెడల్పు తలుపులు నాలుగు ఉంటే సుమారు 100 సెకన్లలో ఖాళీ చేయొచ్చు. రెండింటికి తాళం వేస్తే 200 సెకన్లు దాటుతుంది. అందరూ ఒకే తలుపుకు ఎగబడితే దాదాపు 7 నిమిషాలు! అది కూడా ఎవరూ ఇరుక్కోకపోతేనే.

మరి మంటలు అంత టైం ఇస్తాయా? 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణసంచా వల్ల గోడల ఫోమ్ అంటుకుంది. 100 మంది చనిపోయారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ దర్యాప్తు చేస్తే, సుమారు 90 సెకన్లలోనే లోపలి పరిస్థితి ప్రాణాంతకంగా మారిందని తేలింది. దాదాపు మూడింట రెండొంతుల మంది మొదట వెళ్లింది వచ్చిన మెయిన్ డోర్‌వైపే. కాసేపటికే ఆ దారి మనుషులతో మూసుకుపోయింది. ఆపదలో కనీసం ఒక దారి పనిచేయదని ముందే అనుకుని తలుపులు డిజైన్ చేయాలని నిస్ట్ సిఫార్సు చేసింది.

ఉపహార్ చెప్పిన పాఠం

మన దేశంలోనూ మర్చిపోలేని ఘటన ఉంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో ‘బోర్డర్’ సినిమా ఆడుతుండగా కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచాయి. 59 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బాల్కనీలో పొగకు ఊపిరాడక ప్రాణాలు వదిలినవాళ్లే. అదనపు సీట్ల కోసం బాల్కనీలో దారి మూసేసిన విషయం కోర్టు తీర్పుల్లోకి ఎక్కింది. నాలుగు సీట్లు ఎక్కువ వేస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఇదే సమాధానం.

తప్పు జనానిదేనా?

ప్రమాదం జరగ్గానే ‘జనం భయపడి తొక్కుకున్నారు’ అనడం మామూలే. కానీ చదరపు మీటరులో ఆరేడుగురు చేరాక ఎవరి కాళ్లూ వాళ్ల మాట వినవు. ముందు ఏం జరుగుతోందో వెనకవాళ్లకు కనిపించదు. ఎక్కువమంది చనిపోయేది కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక.

లోపలికి వెళ్లేటప్పుడూ ఇదే ముప్పు. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఓ మహిళ చనిపోయింది. నెల దాటిన కొద్ది రోజులకే.. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు భక్తులు మృతి చెందారు. ఎంతమంది వస్తారు, ఏ గేటు ఎప్పుడు తీయాలి, ఒకేసారి ఎంతమందిని వదలాలి.. ఇవి ముందే వేసుకోవాల్సిన లెక్కలు. వేయాల్సింది నిర్వాహకులు, జనం కాదు.

మనం ఏం చేయొచ్చు?

- హాల్లో కూర్చోగానే వచ్చిన దారి కాకుండా ఇంకో దారి ఎక్కడుందో చూసుకోండి.
- ఎగ్జిట్‌కు తాళం ఉన్నా, కుర్చీలు అడ్డంగా ఉన్నా వెంటనే సిబ్బందికి చెప్పండి.
- పొగ, అలారం రాగానే కదలండి. బ్యాగులు, చెప్పుల కోసం ఆగొద్దు.
- తలుపు దగ్గర నెట్టొద్దు. జనంలో ఇరుక్కుంటే చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని ఊపిరికి చోటు చేసుకోండి.

ఫంక్షన్ హాల్ బుక్ చేసేటప్పుడు ఏసీ, పార్కింగ్, వంటగది అన్నీ చూస్తాం. ఈసారి తలుపులు ఎన్ని, వాటిలో ఎన్ని తెరుచుకుంటాయో కూడా ఓసారి చూడండి.