రింగుకు ముందు ఆ నిశ్శబ్దం ఎందుకు?

* ఫోన్‌ కలిసేలోపు నడిచే సందేశాలెన్నో
* వాటిని కుదించి వేగం పెంచిన ‘సిగ్‌కాంప్‌’
* వోల్టీ ఆపేస్తే మళ్లీ జాప్యమే

చేవెళ్ల, మొయినాబాద్‌: నంబరు నొక్కి సెల్‌ఫోన్‌ చెవికి ఆనించిన తరువాత అవతల రింగు వినిపించేవరకు కొంత నిశ్శబ్దం ఉంటుంది. కూరగాయల ధర కనుక్కునే రైతుకు అది చిన్న విసుగు మాత్రమే. హైదరాబాద్‌-బీజాపూర్‌ రహదారిపై ప్రమాదాన్ని చూసి 108కు ఫోన్‌ చేసేవారికి మాత్రం ప్రతి సెకనూ విలువైనదే. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మిర్జాగూడ వద్ద కంకర టిప్పర్‌, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మృతిచెందిన మార్గమిది. ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో, దానిని తగ్గించేందుకు ఇంజినీర్లు ఏం చేశారో తెలుసుకుంటే మన ఫోన్‌లో సరిచూసుకోవలసినదేమిటో కూడా అర్థమవుతుంది.

మాటకు ముందు మంతనాలు

మాట మొదలయ్యే ముందు ఫోన్‌కు, నెట్‌వర్క్‌కు మధ్య సంకేత సందేశాలు నడుస్తాయి. ఎవరు పిలుస్తున్నారు, ఎవరిని పిలుస్తున్నారు, గొంతును ఏ పద్ధతిలో పంపాలి, అవతలి ఫోన్‌ సిద్ధంగా ఉందా అన్న విషయాలు ముందుగా తేలాలి. పాత 2జీలో ఈ సందేశాలు అంకెల సంకేతాలతో పొట్టిగా ఉండేవి. ఇంటర్నెట్‌ పద్ధతిలో ఫోన్లు కలపడానికి 2002లో స్థిరపడిన ‘సిప్‌’ ప్రమాణం మాత్రం మనిషి చదవగలిగే అక్షరాలతో సందేశాలు రాస్తుంది. అందువల్ల ఒక్కో సందేశం వందల బైట్లు, కొన్నిసార్లు వెయ్యి బైట్లు దాటుతుంది.

సెకనుకు 9.6 కిలోబిట్లు మోసే సన్నని రేడియో మార్గంలో వెయ్యి బైట్ల సందేశం దాటడానికే దాదాపు 0.83 సెకను కావాలి. ఒక ఫోన్‌ కలవాలంటే ఇటువంటివి అటూఇటూ అనేకం నడవాలి. ఒకదానికి జవాబు వస్తేనే మరొకటి కదులుతుంది గనుక జాప్యం సెకన్లకు సెకన్లు పేరుకుంటుంది.

తక్‌పట్టీ తరహాలో..

దీనికి విరుగుడుగా ఇంటర్నెట్‌ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌ 2003 జనవరిలో ‘సిగ్‌కాంప్‌’ విధానాన్ని ప్రకటించింది. మార్కెట్‌ యార్డులో రైతుకిచ్చే తక్‌పట్టీని గుర్తుచేసుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. శీర్షికలు ముందే అచ్చయి ఉంటాయి. పేరు, తూకం, ధర మాత్రమే నింపుతారు. అదే విధంగా సిప్‌ సందేశాల్లో తరచుగా వచ్చే పదాలతో ఒక నిఘంటువును 2003 ఫిబ్రవరిలో ప్రమాణంగా నిర్ణయించారు. అది రెండు వైపులా ముందే ఉంటుంది గనుక పదానికి బదులు దాని స్థానాన్ని సూచిస్తే చాలు.

ఇంతకుముందు వెళ్లిన సందేశాన్ని రెండు వైపులా దాచుకొని, తరువాతి దానిలో మారిన భాగాన్ని మాత్రమే పంపడం రెండో మెలకువ. సందేశాన్ని విప్పే పద్ధతిని కూడా పంపేవారే చిన్న సూచనలుగా జతచేయవచ్చు. అందువల్ల వేర్వేరు కంపెనీల ఫోన్లు, నెట్‌వర్క్‌లు ఒకే కుదింపు పద్ధతికి కట్టుబడనవసరం లేదు. వెయ్యి బైట్లు 200కు తగ్గాయనుకుంటే, పై లెక్కన 0.83 సెకను 0.17 సెకనుకు దిగుతుంది. మొబైల్‌ ప్రమాణాల సంస్థ 3జీపీపీ తన ఐదో విడత ప్రమాణాల్లోనే ఈ కుదింపునకు చోటిచ్చింది.

4జీలో మారిన లెక్క

మన దేశంలో 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలవడంతో 4జీ మీదనే మాటలు నడిపే వోల్టీ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. సెకనుకు ఒక మెగాబిట్‌ వేగమున్నా వెయ్యి బైట్ల సందేశం 8 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. అందుకే వోల్టీ నిబంధనల్లో సిగ్‌కాంప్‌ను పక్కనపెట్టారు.

అయితే కుదింపు అవసరం పూర్తిగా తీరలేదు. అది సంకేతాల నుంచి గొంతు వైపు మళ్లింది. ప్రతి 20 మిల్లీసెకన్ల మాట దాదాపు 32 బైట్లయితే, దానిపై అంటించే చిరునామా వివరాలే 60 బైట్ల వరకు ఉంటాయి. ‘రోహెచ్‌సీ’ అనే మరో విధానం వీటిని మూడు, నాలుగు బైట్లకు తగ్గిస్తుంది. ఒకే టవర్‌ కింద ఎక్కువమంది మాట్లాడుకునే వీలు ఇలా కలుగుతోంది. చిలుకూరు బాలాజీ ఆలయం వంటి జనం గుమిగూడే చోట్ల ఇటువంటి పొదుపే అక్కరకు వస్తుంది.

వినియోగదారులు ఏం చేయాలి?

2జీ కూడా ఉన్న నెట్‌వర్క్‌లో వోల్టీ ఆపేసి ఉంటే, 4జీలో ఉన్న ఫోన్‌ ప్రతి కాల్‌కూ పాత నెట్‌వర్క్‌కు దిగి, అక్కడ మళ్లీ మొదటి నుంచి మంతనాలు సాగించాలి. దానివల్ల కొన్ని సెకన్లు అదనంగా పడతాయి. కాబట్టి సెట్టింగుల్లో వోల్టీ పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. సిగ్నల్‌ బలహీనంగా ఉంటే చెట్లు, గోడల చాటు నుంచి బయటకు రావాలి. ఇంట్లో సిగ్నల్‌ అందకపోతే, సౌకర్యం ఉన్నవారు వైఫై కాలింగ్‌ వాడుకోవచ్చు. రింగు రాలేదని వెంటనే కట్‌ చేసి మళ్లీ నొక్కితే సందేశాలన్నీ తిరిగి మొదటికొస్తాయి. ఆపద వేళ కంగారుపడి పదేపదే నొక్కడం కంటే కొన్ని క్షణాలు ఓపిక పట్టడమే మేలు.