దవడ ముందుకు జరిగితే ఊపిరికి దారి

గురక పెడుతున్నవారిని చూసి గాఢ నిద్రలో ఉన్నారనుకోవడం మామూలే. అయితే ఆ గురక ఉన్నట్టుండి ఆగి, కొన్ని సెకన్ల తర్వాత ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ ఊపిరి అందుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు.

మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. నాలుక కింది దవడను, మెత్తని అంగిలి పై దవడను ఆధారం చేసుకుని ఉంటాయి. అందుకే దవడలు చిన్నవిగా, వెనక్కి ఉన్నవారిలో గాలి దారి సులువుగా మూసుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గగానే మెదడు నిద్రను చెదరగొడుతుంది. ఇలాంటి అంతరాయాలు గంటకు 30 లేదా అంతకు మించితే సమస్య తీవ్రంగా ఉన్నట్టు. చికిత్స లేకపోతే పగటి నిద్రమత్తు, అధిక రక్తపోటు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ బృందం పరిచయం చేసిన సీపాప్ యంత్రం మాస్కు ద్వారా గాలి ఒత్తిడిని పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. నేటికీ ప్రధాన చికిత్స ఇదే. కానీ రోజూ మాస్కుతో నిద్రపోవడం కొందరికి సాధ్యం కాదు. అలాంటి వారిలో తగినవారికి దవడ శస్త్రచికిత్స ఒక మార్గం.

ఇందులో రెండు దవడల ఎముకలను కోసి, సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. ఎముకతో పాటు నాలుక, అంగిలి కండరాలూ ముందుకు వస్తాయి. వాటి వెనుక గాలి దారి వెడల్పవుతుంది. 627 మంది ఫలితాలను కలిపి 2010లో ప్రచురించిన విశ్లేషణలో, గంటకు సగటున 63.9గా ఉన్న అంతరాయాలు 9.5కు తగ్గాయి. అయితే గంటకు 5 కంటే తక్కువకు చేరి, పూర్తిగా నయమైనవారు 43 శాతమే. కాబట్టి శస్త్రచికిత్స తర్వాత కూడా నిద్ర పరీక్ష అవసరం. కింది పెదవి, గడ్డం మొద్దుబారడం, ముఖాకృతి మారడం వంటివి ముందే తెలుసుకోవాలి.

ఇదే సూత్రం తిరగబడే సందర్భమూ ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను అందం కోసం బాగా వెనక్కి జరిపితే గాలి దారి ఇరుకవుతుంది. అందుకే వీలైనచోట సర్జన్లు పై దవడను ముందుకు తెచ్చి ఆ వెనుకడుగును తగ్గిస్తారు.

పిల్లల విషయంలో మరింత అప్రమత్తత కావాలి. చిన్నప్పుడు గడ్డానికి తగిలిన దెబ్బ వల్ల చెవి ముందున్న దవడ కీలు బిగుసుకుపోతే నోరు తెరుచుకోదు, కింది దవడ ఎదగదు, నిద్రలో ఊపిరి ఆడదు. అలాంటి పిల్లలకు ఎముకను కోసి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసే డిస్ట్రాక్షన్ పద్ధతి ఉంది. ఆ ఖాళీలో కొత్త ఎముక ఏర్పడుతుంది. కిందపడి గడ్డం పగిలిన బిడ్డకు కుట్లు వేయించడంతో సరిపెట్టకుండా, నోరు ఎంత తెరుచుకుంటోందో కూడా చూడాలి.