కాదాచిత్క జ్యోతి: ఒక పారిభాషిక పద విచారము

ఉన్నట్టుండి ప్రజ్వరిల్లి, కొంతకాలమునకు అణగిపోవు ఆకాశవస్తువును ఖగోళశాస్త్రజ్ఞులు 'ట్రాన్సియెంట్' అని వ్యవహరింతురు. దీనికి తెలుగున ఏ పదము తగునను ప్రశ్న తెలుగు శాఖల గడప తొక్కుచునే యుండును. నిఘంటువు తిరుగవేసి ఒక సమానార్థకమును అందించుట సులభమే. కాని వస్తుస్వభావము నెరుగక కట్టిన పేరు చదువరికి తప్పు నేర్పును. కావున ముందు వస్తువును చూతము.

2018 మార్చి 11వ తేదీన, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందలి 'మాక్సి' అను జపాను పరికరము మన పాలపుంతలో, సర్పధారి మండలమున, ఒక కొత్త ఎక్స్-కిరణ జ్యోతిని పసికట్టినది. ఈ పరికరము కేంద్రముతోపాటు సుమారు 92 నిమిషములకొకమారు భూమిని చుట్టివచ్చుచు ఆకాశమున అధికభాగమును జల్లెడ పట్టుచుండును. కొత్తదానికి 'మాక్సి జె1820+070' అని పేరిడిరి. ఇది చూచుటకు బీజగణితమువలె నున్నను నిజమునకొక చిరునామా: విషువాంశము 18 గంటల 20 నిమిషములు, క్రాంతి ఉత్తరమున సుమారు 7 డిగ్రీలు. దీనినే అయిదు దినములు ముందుగా 'ఆసాసిన్' అను దూరదర్శినుల కూటమి దృశ్యకాంతియందు గుర్తించియుండెను.

భూవాతావరణము ఎక్స్-కిరణములను పీల్చివేయును గనుక వానిని చూడగోరువారు పైకి పోక తప్పదు. ఉపగ్రహములకు పూర్వము ఆ పని బెలూనులు చేసినవి. హైదరాబాదునందలి టాటా సంస్థవారి బెలూను కేంద్రము ఇందుకు ప్రసిద్ధము. అచ్చటినుండి ఎగిరిన పరికరములు మన వరంగల్లు ప్రాంతపు చేలలోనైనను దిగవచ్చుననియు, వానిని విప్పరాదనియు పత్రికలలో ప్రకటనలు వచ్చుట పాఠకులెరిగినదే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి వెడలిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, 2018 మార్చి చివర ఈ జ్యోతిని పరిశీలించినది.

ఇంతకును ఇదేమి? సుమారు పదివేల కాంతి సంవత్సరముల దూరమున, సూర్యునికి సుమారు ఎనిమిది రెట్ల బరువుగల కృష్ణబిలమొకటి, చిన్న నక్షత్రమొకటి పదహారున్నర గంటలకొకమారు పరస్పరము చుట్టుకొనుచున్నవి. నక్షత్రమునుండి జారిన వాయువు సూటిగ బిలమున పడదు. దానికి భ్రమణముండుటచే పళ్లెమువలె పరచుకొని తిరుగుచుండును. చల్లగనున్నంతకాలము అది లోనికి మెల్లగ పారుచు ఏండ్లతరబడి పేరుకొనును. వేడిమి కొన్నివేల డిగ్రీలకు చేరి ఉదజని పరమాణువులు విద్యుదావిష్టములైనంతనే ప్రవాహము ఒక్కుమ్మడిగ పెరుగును. లోపలి అంచున వేడిమి కోటి డిగ్రీల మేరకు పోయి ఎక్స్-కిరణములు వెలువడును. చెరువు నిండి మత్తడి దూకినట్లని చెప్పవచ్చును గాని ఆ పోలిక చాలదు. మత్తడిపై పోవునది పైనీరే. ఇచ్చట కట్టయే తెగినట్లు చెరువులో చాలభాగము ఖాళీయగును.

ఇప్పుడు పదమును విచారింతము. 'క్షణికము' చెల్లదు, వెలుగు నెలలతరబడి నిలిచినది. 'ఆగంతుకము' అన్నచో ఎచ్చటినుండియో వచ్చినదని అర్థము, ఇది వచ్చినది కాదు, ఉన్నదే. 'నవ్యము' అనుటయు పొసగదు. ఏలనన, పాత ఛాయాచిత్ర ఫలకములను వెదకగా ఇది 1898లోను, 1934లోను వెలిగిన జాడలు కనబడినవి. కొందరికి ప్రియమైన 'తాత్కాలికము' అన్నిటికంటె మోసకరము. అణగినది ముగిసినదని చదువరి తలచును. 2018లో అణగిన ఈ జ్యోతి 2019లో మరల కొంత వెలిగినది.

'కదాచిత్' అనగా ఒకానొకప్పుడు. దానినుండి వచ్చిన 'కాదాచిత్కము' మా మతమున సరియైనది: వస్తువు నిత్యము, వెలుగు మాత్రము అప్పుడప్పుడు. ఉచ్చారణకు బరువన్నది నిజమే. ఉన్నత పాఠశాలలో 'ఉండియుండి వెలుగు జ్యోతి' అనిన లోపములేదు. అయితే ఆంగ్లమున ఇదే పదమును గామాకిరణ విస్ఫోటములకును వాడుదురు. అవి దూర గెలాక్సీలలో ఒక్కమారు పేలి మరల రానివి. వానికి ఈ పేరు పెట్టరాదు. ఒక్కమారు అను అర్థమున మనకు 'సకృత్' ఉన్నది. 'సకృద్విస్ఫోటము' అని వేరుగ వ్యవహరించినచో ఆంగ్లమున కలిసిపోయిన రెండు జాతులు తెలుగున విడివడును. ఎక్స్-కిరణములకు మాత్రము కొత్తపేరు కట్టుట మాకు సమ్మతము కాదు. ఆ మాట ఆసుపత్రిమూలమున పల్లెపల్లెకు తెలిసియున్నది.