వర్తకుని పేరుచీటి

మన పల్లెలనుండి పట్టణమునకు పోయి వర్తకమునకు దిగిన పిల్లలు మొదట చేయించుకొనునది విజిటింగు కార్డు. సాధారణముగా మూడున్నర అంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పుగల అట్టముక్క యది. దానిపై నేమి వేయింపవలెనని వారు మిమ్మడిగినచో చెప్పదగినది కొంత కలదు.

18వ శతాబ్ది యారంభమున లండను నగరమున ఇండ్లకు సంఖ్యలుండెడివి కావు. అంగడి ముందు వ్రేలాడు బొమ్మపలకయే గుర్తు. వర్తకులు తమ కార్డులపై ఆ బొమ్మనే అచ్చొత్తించెడివారు. తరువాత గొప్ప చిత్రకారుడైన విలియం హోగార్తు 1720లో చెక్కడపు పనితో బ్రతుకు మొదలిడినపుడు తన కార్డును తానే చెక్కుకొనెను. చెక్కడపు పనివానికి అంతకంటె వేఱు సిఫారసేల?

మనవాని కార్డును ఆ కంటితో చూడుడు. మంగళగిరి చీరలమ్మువాడు ఆ చీర జరీయంచునే కార్డునకు అంచుగా వేయించుకొనవచ్చును. ధాన్యపు వర్తకునకు ఒక్క వరికంకి చాలును. దేవుళ్ల పటములు, బిరుదములు, సన్మానములు అన్నియు నెక్కించినచో మనిషి పేరే కనబడదు.

పేరు విషయమున నాకు కొంత పట్టుదల కలదు. ఇంటిపేరును ఒక్క అక్షరమునకు కుదించి ‘కె. వేంకటేశ్వరరావు’ అని వేయించుచున్నారు. కొండపల్లివారా, కంచర్లవారా, కాకర్లవారా? మనలో వేంకటేశ్వరరావులకు కొదువయా? ఇంటిపేరు పూర్తిగా నుండి, ఊరిపేరు తోడైనచో, చదివిన పెద్దమనిషి “ఓహో, ఫలానివారి మనుమడవా!” యనును. తాత నిలుపుకొన్న మాట ఆ మనుమనికి అప్పు పుట్టించును, సరకు పుట్టించును. ఆ యొక్క అక్షరము వెనుక దానిని దాచుకొనుట ఎంత నష్టము!

అచ్చు సంగతి. తెలుగును ఇంగ్లీషంత చిన్న యక్షరములలో వేయింపరాదు. గుడులు పైకి, ఒత్తులు క్రిందికి పోవును గనుక పంక్తుల నడుమ ఎడము హెచ్చుగా కావలెను. లేనిచో పై పంక్తి యొత్తు క్రింది పంక్తి తలకట్టును తాకును; బ, భ యొక్కటిగా కనబడును. ఒక ప్రక్క తెలుగు, రెండవ ప్రక్క ఇంగ్లీషు వేయించుట మేలు. ఫోను నంబరులోని పది యంకెలను ఐదేసిగా విడదీసినచో చదువుట సుళువు.

నూర్లకొలది అచ్చు వేయించుటకు ముందు ఒక్క నమూనా తెప్పించి, సాయంకాలపు దీపపు వెలుగున మీరే చదివి చూడుడు. తడబడిన చోట అక్షరము పెంచుమని చెప్పుడు.