అంగన్‌వాడీకి ఓ గంట ఇద్దాం

"మూడేళ్ల పిల్లకి చదువేంటండీ? తిని, ఆడుకుని, నిద్రపోతే చాలదూ?" పేదింటి పిల్లల మాట వచ్చినప్పుడు మా కాలనీలో చాలామంది ఇలాగే అంటారు. అన్నవాళ్లే తమ పిల్లలకి మూడేళ్లు నిండగానే వేలకు వేలు పోసి నర్సరీలో చేరుస్తారు! మరి ఆ వయసులో చదువు కొందరికి అవసరం, కొందరికి అనవసరం ఎలా అవుతుంది చెప్పండి?

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానంలోనూ రాశారు. అలాగని పసివాళ్ల చేత పలక మీద అక్షరాలు దిద్దించమని కాదు. అప్పటికి వాళ్లకి కావలసింది మాట, ఆట, పాట, కథ. వాటికి డబ్బుకంటే ముందు, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి కావాలి.

ఆ మనిషికే కరువు. ఏడాదిగా వారానికి రెండు రోజులు మా వీధి చివరి అంగన్‌వాడీకి వెళుతున్నాను. పిల్లలు ఇరవై మందికి పైనే. పెద్దవాళ్లు మాత్రం టీచరు, ఆయా ఇద్దరే. ఆయా వంటలో ఉంటుంది. టీచరు పిల్లల బరువు తూచాలి, గర్భిణులకీ బాలింతలకీ సరుకులివ్వాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి. ఇక కథ చెప్పే తీరిక ఎక్కడిది? ఆవిడకి చెప్పడం రాక కాదు, చేతులు చాలక!

నేను చేసేదీ పెద్ద గొప్ప పనేం కాదు. సీసా మూతల్ని రంగుల వారీగా వేరు చేయిస్తాను. రాలిన ఆకులు తెప్పించి చిన్నదేది, పెద్దదేది అని అడుగుతాను. చెమ్మచెక్క ఆడిస్తాను. రోజుకో కథ చెబుతాను. చిన్న గింజలు మాత్రం ఇవ్వను. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు కదా!

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో బాలవాడి పని మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. ఖరీదైన ఆట వస్తువుల బదులు ఊళ్లో దొరికే ఆకులు, రాళ్లు, గవ్వలతోనే నేర్పారు. ఆ తర్వాత 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ ప్రారంభించింది. ఈనాటి అంగన్‌వాడీలు ఆ పథకం కిందివే. అక్కడ పప్పన్నం, గుడ్డుతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య కూడా అందాలి. మనం మాత్రం దాన్ని "గుడ్లిచ్చే చోటు" అనే అనుకుంటున్నాం.

మా అంగన్‌వాడీలో ఓ పాప ఉంది. తల్లి తెల్లవారకముందే ఇళ్లలో పనికి వెళుతుంది. ఇంట్లో ఉండేది మంచం పట్టిన నాయనమ్మ. పాపతో మాట్లాడేవాళ్లే లేరు. రెండు నెలలపాటు నా పక్కన కూర్చుని కథలు విందేగానీ నోరు విప్పలేదు. ఓ రోజు కాకి, కుండ కథ తనే అందుకుంది. "నీళ్లు తాగి, పిల్లకి కూడా నోట్లో పట్టుకెళ్లింది" అని కొత్త ముగింపు కూడా ఇచ్చింది! టీచరూ నేనూ మొహాలు చూసుకున్నాం. వచ్చే జూన్‌లో ఆ పాప ఒకటో తరగతికి వెళుతుంది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ చదివిన పిల్లలూ అదే తరగతికి వస్తారు. నోట్లో మాట లేకుండా ఆ పిల్ల వాళ్ల పక్కన ఎలా నెగ్గుకొస్తుంది?

మీకూ వెళ్లాలనిపిస్తోందా? ముందు టీచరుతో మాట్లాడండి, అనుమతి కావాలంటే ఎవరిని అడగాలో ఆవిడే చెబుతారు. వెళ్లేది ఆవిడ మీద పెత్తనానికి కాదు, సాయానికి. పుట్టినరోజు నాడు మిఠాయి పంచి, ఫొటో దిగి వచ్చేయడం కంటే వారానికి ఒక్క గంటైనా మానకుండా వెళ్లడం మేలు. పిల్లలు ఎదురు చూస్తారు మరి. ఇద్దరు స్నేహితురాళ్లు వంతులు వేసుకుంటే ఇంకా సులువు.

మధ్యాహ్నం సీరియల్ రాత్రికి మళ్లీ వస్తుంది. ఆ పిల్లలకి నాలుగో ఏడు మాత్రం మళ్లీ రాదు.