జామర్‌తో సరి-బేసి ఆట: సెన్సర్లను కాపాడే లెక్క

కేరళలోని మున్నార్‌ కొండల్లో కొండచరియలు విరిగిపడే ముప్పును ముందే పసిగట్టడానికి అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు నేలలో సెన్సర్లు అమర్చి, వాటిని వైర్‌లెస్‌ నెట్‌వర్క్‌తో కలిపారు. ఇలాంటి నెట్‌వర్క్‌ మూగబోతే హెచ్చరికలూ ఆగిపోతాయి. అందుకు సెన్సర్లను పగలగొట్టనక్కర్లేదు. అవి వాడే చానల్‌లో రేడియో రొద నింపితే చాలు. దీన్నే జామింగ్‌ అంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్లు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. అయితే రొద మొదలయ్యాక సెన్సర్‌ను ఆదుకునేది చట్టం కాదు.

బ్యాటరీతో నడిచే సెన్సర్‌ జామర్‌ను మించి గట్టిగా అరవలేదు. చానల్‌ మార్చుకోవడమే దాని దారి. జిగ్‌బీ పరికరాలకు 2.4 గిగాహెర్ట్జ్‌ బ్యాండ్‌లో 16 చానళ్లున్నాయి. ఒక వరసలో మారుతుంటే జామర్‌ ఆ వరసను పట్టేస్తుంది. చింతగింజలతో సరి-బేసి ఆడేవారికి ఇది తెలిసిందే: ఎప్పుడూ సరే పట్టేవాడు ఓడిపోతాడు. ఇద్దరాడే ఇలాంటి ఆటల్లో, ఎత్తులను తగిన పాళ్లలో కలిపి వాడితే కనీస ఫలితానికి హామీ ఉంటుందని జాన్‌ వాన్‌ నోయ్‌మన్‌ 1928లో నిరూపించాడు. 16 చానళ్లూ సమానమై, జామర్‌ ఒకసారికి ఒక్కదాన్నే అడ్డుకోగలిగితే, యాదృచ్ఛికంగా మారే సెన్సర్‌ సందేశాల్లో సగటున 16కు 15 చేరతాయి.

చానళ్లు సమానం కానప్పుడే అసలు తిరకాసు. రెండే చానళ్లున్నాయనుకుందాం. అడ్డు లేకపోతే మంచిదానిలో 100కు 100 సందేశాలు, రెండోదానిలో 50 చేరతాయి. ఎప్పుడూ మంచిదే వాడితే జామర్‌ అక్కడే కూర్చుంటుంది, ఒక్కటీ చేరదు. చెరిసగం వాడినా జామర్‌ మంచిదాన్నే అడ్డుకుంటుంది, 25 చేరతాయి. మంచిదాన్ని మూడింట ఒక వంతు, రెండోదాన్ని రెండు వంతులు వాడితే జామర్‌ ఎటు తిరిగినా సగటున 33 చేరతాయి. అంటే శత్రువు కన్ను పడే మంచి చానల్‌నే తక్కువగా వాడాలి!

33 శాతం తక్కువే అనిపించవచ్చు. కానీ ఒకే హెచ్చరికను ఇలా పదిసార్లు పంపితే పదీ పోయే అవకాశం 2 శాతం లోపే.

అయితే దీనికి రెండు షరతులున్నాయి. చానల్‌ వరసను నిర్ణయించే రహస్య తాళం పంపేవారికీ అందుకునేవారికీ తప్ప మరొకరికి తెలియకూడదు. జామర్‌ ముందు విని, అప్పటికప్పుడు అదే చానల్‌ను మూసేసే రకం కాకూడదు. అలాంటిదైతే ఈ హామీ చెల్లదు. ఆటను మళ్లీ మొదటినుంచి లెక్కగట్టాల్సిందే.