గులాబి పురుగు తినేసిన వ్యాపారం

పెద్ద కంపెనీలు వాటాదారులకు ఏటా ఇచ్చే నివేదికల్లో తమ వ్యాపారానికి పొంచి ఉన్న ముప్పులను వరసగా రాస్తాయి. ప్రభుత్వ నియంత్రణ, కోర్టు కేసులు, దొంగ సరుకు, చెడ్డపేరు, కాలం చెల్లే టెక్నాలజీ, ఇలా దేని పద్దు దానిదే. గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటోకు జరిగింది చూస్తే మాత్రం ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలని తెలుస్తుంది. పదిమంది కలిసి కాపాడుకుంటేనే నిలిచే ఒక టెక్నాలజీని ఆ కంపెనీ ప్యాకెట్ల లెక్కన అమ్మింది. రుసుము తాను తీసుకుంది, కాపాడే భారం రైతుకు వదిలేసింది. మిగతా కష్టాలు చాలావరకు అక్కడి నుంచే మొదలయ్యాయి.

జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి ఈ నల్లరేగడి నేలల్లో స్వాగతం ఊరికే దొరకలేదు. 1980ల్లో ఇక్కడి రైతులు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టారు. దాంతో తెల్లదోమ విజృంభించింది, శనగపచ్చ పురుగు మందులకు లొంగలేదు. 1987-88లో అప్పులపాలైన పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాల్లోనే దేశం దృష్టికి వచ్చాయి. కాబట్టి 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, కాయ తొలుచు పురుగును మొక్కే చంపుతుందన్న మాట రైతుకు పెద్ద ఊరట. మోన్‌శాంటో, మహారాష్ట్రకు చెందిన మహికో కలిసి పెట్టిన సంస్థ మన విత్తన కంపెనీలకు జన్యువును లైసెన్సుకు ఇచ్చి, అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద రుసుము వసూలు చేసేది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలు పలికిన రోజుల్లో, ఒక దశలో ఆ రుసుమే 1,250 రూపాయలు.

తొలి దెబ్బ ధర దగ్గరే తగిలింది. మహికో మొదటి హైబ్రిడ్లు మన రాష్ట్రంలో సరిగా కాయకపోవడంతో 2005లో కేంద్రం ఇక్కడ వాటి అనుమతిని పొడిగించలేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రుసుము మరీ ఎక్కువంటూ గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధర నిర్ణయానికి ప్రత్యేక చట్టమే చేసింది. ఇక్కడ మొదలైన ఆ దారినే 2015లో కేంద్రమూ పట్టింది. 2016లో రెండో తరం బీటీ పత్తి, అంటే బీటీ-2, రుసుము 49 రూపాయలైంది, 2020లో సున్నా. మరోవైపు 2015లో నూజివీడు సీడ్స్‌తో మొదలైన లైసెన్సు తగాదా కోర్టుకెక్కింది. బీటీ-2 పేటెంటు చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెబితే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమంది. ఆ ఏడాదే పేటెంటు గడువూ తీరిపోయింది.

ధర కన్నా పెద్ద దెబ్బ చేలో పడింది. బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల పొట్లం ఒకటి వచ్చేది. చేను చుట్టూ అయిదు వరసలు ఆ గింజలే పెట్టాలన్నది నిబంధన. ఆ మొక్కల మీద బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకుని మిగిలిన ఒకటీ అరా పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు మళ్లీ బీటీకి చస్తాయి. కానీ ఎకరాకింతని కౌలు కట్టే రైతు అయిదు వరసలు పురుగుకు ఎందుకు వదులుతాడు? పొట్లం చాలాచోట్ల గట్టునే ఉండిపోయింది. దీనికి హైబ్రిడ్ల చిక్కు తోడైంది. హైబ్రిడ్ గింజ దాచి విత్తితే అదే పంట రాదు కనుక రైతు ఏటా కొట్టుకు రావాల్సిందే. మొదటి బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటు లేకపోయినా రుసుము వసూలైంది ఈ ఏర్పాటు వల్లే. కానీ హైబ్రిడ్ కాయలో కొన్ని గింజలకు బీటీ విషం అందుతుంది, కొన్నింటికి అందదు. గింజ తిని బతికే గులాబి రంగు పురుగు తట్టుకునే శక్తి పెంచుకోవడానికి ఇది దోహదం చేసింది. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, మిరప కూడా మేతే. గులాబి పురుగుకు దాదాపుగా పత్తి ఒక్కటే దిక్కు. తడి ఉంటే ఫిబ్రవరి, మార్చి దాకా చేలోనే నిలిపే పత్తి దానికి ఏడాదిలో ఎక్కువ కాలం ఆశ్రయమిచ్చింది. పైకి నిగనిగలాడే కాయను చీల్చి చూస్తే దూది మరకలు పడి, రెండు గింజలు అతుక్కుపోయి, మధ్యలో పురుగు కనిపిస్తుంది. అది దూరిన కన్నం పూడుకుపోతుంది కాబట్టి పైన కొట్టే మందు తగలదు. విచ్చుకోని గుడ్డిపూలు రైతు కంటపడేసరికే పురుగు చేనంతా పాకి ఉంటుంది.

బీటీ వల్ల లాభం రాలేదా అని అడిగేవారున్నారు. వచ్చింది. 2002-03లో దేశంలో 136 లక్షల బేళ్లున్న పత్తి ఉత్పత్తి 2013-14కు 398 లక్షలకు చేరింది. నీటి వసతి, ఎరువులు, కొత్త విస్తీర్ణం కూడా ఇందులో పాలుపంచుకున్నాయి గానీ బీటీ వాటాను కాదనలేం. అయితే ఆ విజయమే ముప్పును పెంచింది. తొంభై శాతానికి పైగా పత్తి ఒకే రక్షణ మీద నిలబడితే, ఆ రక్షణ తప్పినరోజు నష్టం అందరికీ ఒకేసారి వస్తుంది. ఇదే బీటీ పత్తితో అమెరికా 2018లో గులాబి పురుగును తన పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్లు ప్రకటించింది. అక్కడ నాన్ బీటీ వరసలు ఏళ్ల తరబడి వేయించారు, ఆపైన సంతానం కలగని పురుగులను విమానాలతో వదిలారు. టెక్నాలజీ ఒకటే, దాని చుట్టూ కట్టిన ఏర్పాటు వేరు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ధరకు ఇలా కళ్లెం వేస్తే కొత్త టెక్నాలజీ ఎవరు తెస్తారన్నది. నిజమే, 2006లో వచ్చిన బీటీ-2 తర్వాత మోన్‌శాంటో కొత్త జన్యు పత్తి ఏదీ మన దేశంలో అనుమతి పొందలేదు. కలుపు మందును తట్టుకునే పత్తి దరఖాస్తును 2016లో మహికోయే వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాదికల్లా అదే లక్షణమున్న విత్తనం అనుమతి లేకుండా, బిల్లు లేకుండా బీటీ-3 పేరుతో మన పల్లెల్లో దొరికింది. కంపెనీకి పైసా రాలేదు, గింజ మొలవకపోతే రైతుకు దిక్కూ లేదు. ప్రభుత్వానిదీ ఇందులో తప్పుంది. ధర తగ్గించడంలో చూపిన చురుకు నాన్ బీటీ వరసలు వేయించడంలో చూపలేదు. ఆ గింజలను ప్యాకెట్‌లోనే కలిపిచ్చే పద్ధతి వచ్చేసరికి గులాబి పురుగు బీటీ-2ను దాటేసింది. అయినా ఒకటి మరవకూడదు. పెట్టిన డబ్బు రుసుము రూపంలో త్వరగా రాబట్టుకోవాలన్న కంపెనీ తొందరే ప్రభుత్వాన్ని ధరల బరిలోకి దింపింది. రుసుము మొదటే రైతు భరించేలా ఉండి, అందులో కొంత వరసల నష్టాన్ని పూడ్చడానికి వెళ్లి ఉంటే, కమిషన్ ముందు కంపెనీ వాదన ఇంత బలహీనపడేది కాదు.

2018లో జర్మనీ కంపెనీ బేయర్ సుమారు 6,300 కోట్ల డాలర్లకు మోన్‌శాంటోను కొని, ఆ పేరునే వదిలేసింది. రేపు కలుపు మందును తట్టుకునే పత్తో, నల్ల తామర పురుగును తట్టుకునే మిరపో పట్టుకుని మరో కంపెనీ గుంటూరుకు వస్తుంది. దిగుబడి ఎంతని అడగడం మనకు అలవాటే. ఇది ఎన్నేళ్లు పనిచేస్తుంది, అన్నేళ్లూ పనిచేయించే ఖర్చు ఎవరిది, పనిచేయని ఏడాది రుసుము ఎవరు తిరిగిస్తారు అన్నవి కూడా అనుమతి పత్రంలోనే తేలాలి. అలా తేల్చుకోవడం రైతుకెంత అవసరమో, పెట్టుబడి పెట్టే కంపెనీకీ అంతే అవసరం.